అప్‌డేట్: కోళ్ల వెంటపడే రాజపాళయం కుక్క, ఇప్పుడు చాలా నయం

పెరట్లో నాటుకోళ్లను మా రాజపాళయం తరుముతోందని అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పనిచేసింది పొడవాటి తాడు పద్ధతే: ఛాతీ బెల్టుకు తాడు కట్టి, కోళ్లు జాలీ అవతల ఉండగా దూరంగా కూర్చోబెట్టి, అది వాటి మీంచి చూపు తిప్పి మావైపు చూసిన ప్రతిసారీ ఉడికించిన లివర్ ముక్క పెట్టడం, దూరం మెల్లగా తగ్గించడం. ఇది వేటజాతి, కదిలేదాని వెంట పరిగెత్తడం దాని స్వభావం, కోపం కాదని ట్రైనర్ చెప్పారు. నిజమే, పెట్ట కదలకుండా ఉంటే పట్టించుకోదు, కోడిపిల్లలు పరిగెత్తితేనే టెన్షన్. దాని తిండిలో చికెన్ మానేసినా తరమడంలో ఏ తేడా లేదు. చచ్చిన కోడిని కుక్క మెడకు కట్టమన్న సలహా మాత్రం దయచేసి ఎవరూ పాటించొద్దు, ట్రైనర్ కూడా గట్టిగా వద్దన్నారు. మేం పక్కన లేనప్పుడు జాలీ తలుపు ఇప్పటికీ మూసే ఉంచుతాం.