స్పానిష్ వచ్చినవాళ్లు కాస్త చెప్పండి: 'ఎంబోల్బేర్' ఎక్కడెక్కడ వాడాలి?

నమస్కారమండీ. స్పానిష్ నేర్చుకుంటున్నాను. చుట్టడం అనే అర్థమున్న 'ఎంబోల్బేర్' క్రియ దగ్గర ఆగిపోయాను. రూపాలతో ఇబ్బంది లేదు: నేను చుడతాను అంటే 'ఎంబ్వేల్బో', మేము అయితే 'ఎంబోల్బేమోస్', చుట్టిన వస్తువు 'ఎంబ్వేల్తో'. వాడుకే అంతు చిక్కడం లేదు.

షాపులో 'మే లో ఎంబ్వేల్బే పారా రెగాలో?' అంటే గిఫ్ట్ ప్యాక్ చేసిస్తారా అని. ఇది తేలిక. పసిబిడ్డను దుప్పట్లో చుట్టడానికీ ఇదే క్రియ. కానీ పడుకున్న పిల్లాడికి దుప్పటి సర్ది కప్పడం 'అర్రోపార్'. చలిగా ఉంది, స్వెటర్ వేసుకో అనాలంటే 'అబ్రీగతే'. మరి పెద్దవాళ్లు తమంతట తాము శాలువా కప్పుకుంటే ఏది? నాకైతే 'ఎంబోల్బేర్సే' సరిపోతుందనిపిస్తోంది.

అసలు టెన్షన్ ఇక్కడుంది. ఎవరైనా కుంభకోణంలో ఇరుక్కుంటే వార్తల్లో 'ఎంబ్వేల్తో', 'ఇంబోలుక్రాదో' రెండూ కనిపిస్తాయి. మొదటిది పాపం చిక్కుకుపోయాడన్నట్టు, రెండోది అతని చేయి ఉందన్నట్టు ధ్వనిస్తుందా? లేక రెండూ ఒకటేనా? స్పెయిన్‌లోనో మెక్సికోలోనో ఉంటున్నవాళ్లు రోజూ వినే వాక్యాలు ఒకటి రెండు రాసి, ఏ దేశంలో విన్నారో కూడా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.