పిల్లలతో తిరుపతికి మారేవాళ్లు ఇల్లు ఎటువైపు తీసుకోవాలి: చంద్రగిరా, రేణిగుంటా, ఊళ్లోనా?

బెంగళూరు నుంచి వస్తున్న తల్లి:
మావారికి రేణిగుంట, ఏర్పేడుల మధ్య ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం ఖాయమైంది. నాకు అలిపిరి రోడ్డులోని ఒక ఆసుపత్రి ల్యాబులో పగటి డ్యూటీ. పాప వచ్చే జూన్‌లో ఎల్‌కేజీలో చేరాలి, బాబుకు ఇంకా ఏడాది నిండలేదు. అద్దె తక్కువ, గాలి మంచిది కాబట్టి చంద్రగిరిలో ఉండమని మా అత్తగారి తరఫువారు అంటున్నారు. ఫ్యాక్టరీకి దగ్గరగా రేణిగుంటలోనే తీసుకోమని మా అన్నయ్య పట్టుబడుతున్నాడు. ఊళ్లో అయితే అదే అద్దెకు ఒక గది తగ్గుతుంది. చిన్నపిల్లలతో ఇక్కడ కాపురం చేస్తున్నవారు దేనిని ముందు చూడమంటారు?

రేణిగుంట ఉద్యోగి:
షిఫ్టు మనిషికి ఇల్లు దగ్గరగా ఉండటాన్ని మించిన సుఖం లేదు. రాత్రి డ్యూటీ దిగి తెల్లవారుజామున వచ్చేవాడు త్వరగా ఇల్లు చేరి నిద్రపోతేనే మధ్యాహ్నం పిల్లలతో మనిషిలా మాట్లాడగలడు. రేణిగుంట నుంచి తిరుపతి సుమారు 10 కిలోమీటర్లే కాబట్టి మీకూ పెద్ద ప్రయాణం కాదు. పైగా 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్టు ఖర్చు లేదు. రైల్వే జంక్షన్, విమానాశ్రయం రెండూ ఇక్కడే ఉన్నాయి. ఎండ ఎక్కువన్న మాట మాత్రం కాదనలేను.

చంద్రగిరి నివాసి:
ఎండ సంగతి వారే ఒప్పుకున్నారు కాబట్టి నేను వేరే చెప్పనక్కరలేదు. కొండ పక్కన, కోట దగ్గర పిల్లలు ఆడుకోవడానికి జాగా ఉంటుంది. తిరుపతి, పాకాల, కాట్పాడి రైలుమార్గం మా ఊరి మీదుగానే వెళ్తుంది; 104 కిలోమీటర్ల ఆ మార్గాన్ని రెండు లైన్లు చేయడానికి 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. రేపు రైళ్లు పెరిగితే ఈ అద్దెలు ఇలా ఉండవు.

కరకంబాడి రోడ్డు వాసి:
ఇప్పటిదాకా వచ్చిన జవాబులన్నీ అద్దెనూ దూరాన్నీ లెక్క వేస్తున్నాయే గానీ, ఆ దూరం ఇంట్లో ఎవరు నడవవలసిన దూరమో అడగడం లేదు. ఫ్యాక్టరీలు చాలావరకు షిఫ్టు బస్సులు నడుపుతాయి, వాటికి తిరుపతిలో స్టాపులు ఉంటాయి, ఎక్కిన మనిషి కునుకు తీసినా అడిగేవారు లేరు. ఏడాది నిండని బిడ్డ కోసం మాత్రం ఏ బస్సూ రాదు. బాబుకు ఒళ్లు కాలిపోతోందని క్రెష్ నుంచి ఫోన్ వస్తే పరుగెత్తవలసింది అలిపిరి రోడ్డులో ఉన్న తల్లే, ఎందుకంటే ఎలక్ట్రానిక్స్ లైను మీద పనిచేసేవారి ఫోన్ చాలాచోట్ల లాకరులోనే ఉండిపోతుంది. కాబట్టి మీవారి ఫ్యాక్టరీ ఎంత దూరం అన్నది రెండో ప్రశ్న. క్రెష్, బడి, మీ ల్యాబు, ఈ మూడూ ఒకదానికొకటి ఎంత దూరం అన్నది మొదటి ప్రశ్న.

మా వీధిలోని బడి గేటు దగ్గర రోజూ కనిపించేది చెబుతాను. దూరపు ఊళ్ల నుంచి వచ్చే బస్సులో ఎల్‌కేజీ పిల్లలు కిటికీకి తల ఆనించి నిద్రపోతూ ఉంటారు. ఆయమ్మ ఒక చేత్తో పిల్లను దింపి, ఇంకో చేత్తో సీటు కింద ఊడిపోయిన బూటు కోసం వెతుకుతుంది. ఆ పిల్లలను బడి మొదలవకముందే అలసిపోయేలా చేసింది చంద్రగిరి గాలి కాదు, చంద్రగిరి దూరం. అత్తగారి తరఫువారిని నొప్పించాలని కాదు గానీ, సెలవురోజు కోట చూడటానికి వెళ్లడం వేరు, నాలుగేళ్ల పిల్లను రోజూ తీసుకువచ్చి తీసుకువెళ్లడం వేరు.

మీ ఇద్దరి పనిచోట్లూ నగరానికి రెండు కొసల్లో ఉన్నాయి కాబట్టి మంగళం, తిమ్మినాయుడుపాళెం వైపు చూడమంటాను. అక్కడి నుంచి అలిపిరి వైపు రావడానికి బస్టాండు రద్దీలోకి దిగనక్కరలేదు. ఇటు కరకంబాడి మీదుగా కడప రోడ్డు పట్టుకుంటే రేణిగుంట చేరవచ్చు. ఇల్లు చూసేటప్పుడు గదుల కంటే ముందు కుళాయి విప్పి చూడండి. నగరపాలక సంస్థ ఇచ్చే నీరు కల్యాణి డ్యాము నుంచి, తెలుగుగంగ నుంచి వస్తుంది. హద్దు దాటి పంచాయతీలోకి వెళ్తే చాలా కాలనీలకు బోరే దిక్కు, వేసవిలో ట్యాంకరు. పాలసీసాలు మరగబెట్టుకునే ఇంట్లో ఉప్పునీళ్లు వస్తే అద్దెలో మిగిలింది క్యాన్లకు పోతుంది.

తిరుచానూరు వాసి:
మా ఊరిని ఎవరూ తలవలేదు గనుక నేనే చెబుతున్నాను. 2023లో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ పూర్తిగా అందుబాటులోకి వచ్చాక తిరుచానూరు రోడ్డు నుంచి కపిలతీర్థం వైపు వెళ్లడం తేలికైంది, అక్కడి నుంచి అలిపిరి దగ్గరే. కాకపోతే కార్తిక బ్రహ్మోత్సవాల చివరి రోజున, పంచమీ తీర్థానికి, లక్షల మంది వస్తారు. ఆ రోజు బండి బయటికి తీయాలనుకోవద్దు. వైకుంఠ ఏకాదశి రోజుల్లో అలిపిరి వైపు వారికీ ఈ అవస్థ తప్పదు, కాబట్టి కరకంబాడి రోడ్డు వారు మరీ మురిసిపోనక్కరలేదు.

అద్దెతో మొదలుపెట్టి ఏడాదిలోనే స్థలం కొనాలనే ఆలోచన ఉంటే ఇంకొక మాట. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకు ప్రమాదం ఏర్పడి దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు, నగరంలో పల్లపు కాలనీలు నీటిలో ఉన్నాయి. ఆ నవంబరులో ఈ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయని బ్రోకరును కాదు, వీధి చివరి చిల్లరకొట్టు ఆయనను అడగండి. స్థలం మఠం భూమా, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డీకేటీ పట్టానా, రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో ఉందా అన్నది చూడకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉన్న లేఅవుటు అని బోర్డు మీద రాసుకున్నంత మాత్రాన నమ్మనక్కరలేదు.

రేణిగుంట ఉద్యోగి:
షిఫ్టు బస్సు ఉంటుందన్న నమ్మకం మీదనే కరకంబాడి రోడ్డు వారి వాదన అంతా నిలబడి ఉంది. ఓవర్‌టైము పడి బస్సు తప్పిపోతే అర్ధరాత్రి ఆ తండ్రి ఏం చేయాలి? పిల్లలకు తండ్రి నిద్ర కూడా అవసరమే. పగలు పడుకోవలసిన మనిషికి రెండు గదుల ఇంట్లో పసిబిడ్డ ఏడుపు మధ్య నిద్ర ఎలా పడుతుందో వారు చెప్పలేదు.

కరకంబాడి రోడ్డు వాసి:
నిద్ర గురించి మీరు చెప్పింది సబబే, అందుకే హాలు చిన్నదైనా పడకగది వెనకవైపు ఉన్న ఇల్లు చూడమంటాను. బస్సు తప్పిన రాత్రుల కోసం ఇల్లంతటినీ ఫ్యాక్టరీ పక్కకు మార్చడం మాత్రం నాకు సమ్మతం కాదు. అలాంటి రాత్రులు నెలకు ఎన్ని వస్తాయో, తిరుపతిలో బస్సు ఏ స్టాపుల మీదుగా తిరుగుతుందో ఆఫర్ లెటరు మీద సంతకం పెట్టకముందే కంపెనీ హెచ్‌ఆర్‌ను అడిగి తెలుసుకోవచ్చు. ఆ బస్సు మంగళం వైపు రాకుండా తిరుచానూరు రోడ్డు మీదుగానే వెళ్తే నా సలహా పక్కన పెట్టి తిరుచానూరు వారి మాట వినండి. రాత్రివేళ లారీలు తిరిగే కడప రోడ్డు మీద కరకంబాడి నుంచి రేణిగుంట దాకా రోజూ బైకు మీద వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

బెంగళూరు నుంచి వస్తున్న తల్లి:
బస్సు రూటు కనుక్కోమని మావారికి చెప్పాను. ఏడాది లోపు బిడ్డను తీసుకునే క్రెష్‌లు మంగళం వైపు ఎక్కువ ఉన్నాయా, తిరుచానూరు రోడ్డులోనా? తెలిసినవారు చెబితే వచ్చే ఆదివారం ఆ వీధుల్లోనే ఇళ్లు చూస్తాం.