జిడ్డా, చమురా?

సత్యనారాయణపురం, విజయవాడ:
మా ఆడపడుచు కూతురు చర్మం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తోంది. ‘సెబమ్’ (చర్మంలోని గ్రంథుల్లోంచి ఊరే నూనె) ఉన్నచోటల్లా ‘జిడ్డు’ అని పెట్టింది, చివరికి ‘జిడ్డు గ్రంథులు’ కూడా. నాకు మింగుడుపడలేదు. జిడ్డంటే వదిలించుకునేది కదా! తల జిడ్డు కుంకుడు రసంతో వదిలిస్తాం. అప్పు అడగడానికొచ్చినవాడు జిడ్డులా పట్టుకుంటాడు. పరుగులు తీయనివాడిది జిడ్డు బ్యాటింగు. ఆ మాటలోనే చీదర ఉంది. ఫోన్ మాట్లాడి తీశాక అద్దం మీద చెంప అచ్చు పడుతుందే, అది చమురు. దానికి బెంజి సర్కిల్ దుమ్ము అంటుకుంటే అప్పుడు జిడ్డు. ఏమంటారు?

బ్రాడీపేట, గుంటూరు:
నేను మీ పక్షమే అక్కా. చర్మవ్యాధుల్లో పీజీ చేస్తున్నాను, అందుకని ఇంకో మాట. ఆ నూనె మీద బతికే బాక్టీరియా ఒకటుంది, క్యూటిబాక్టీరియం ఆక్నెస్. 2016లో పేరు మార్చారు, అంతకుముందు ప్రొపియోనిబాక్టీరియం అనేవాళ్ళు. నుదురు, ముక్కు పక్కలు, వీపు దాని కాపురం. అరచేతుల్లో నూనె గ్రంథులే లేవు కాబట్టి అక్కడ దానికి గిట్టుబాటు కాదు. అది నూనెను విడగొట్టి కొవ్వు ఆమ్లాలు వదులుతుంది. బాగున్న చర్మం పీహెచ్ 5 దగ్గర కాస్త పుల్లగా ఉంటుందంటే అందులో వీటి చెయ్యి కూడా ఉంది. ఆ పులుపు స్టెఫైలోకాకస్ ఆరియస్ లాంటి చెడ్డవాటికి పడదు. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దగ్గరుంటుంది, అంటే పులుపుకి విరుగుడు, క్షారం. జిడ్డు జిడ్డు అని పొద్దస్తమానం రుద్దేవాళ్ళకి మొహం బిర్రబిగిసి పొట్టు లేచేది అందుకే. మొటిమ ఒక్కటీ లేని మొహం మీదా ఇదే బాక్టీరియా ఉంటుంది, దాన్లోనే రకరకాలు. మొటిమలకి అదొక్కటే కారణం అనడం అన్యాయం.

అరండల్‌పేట, గుంటూరు:
చమురు మంచి మాటే అమ్మా. కానీ ఈ కాలం పిల్లలు ఆ మాట చదివేది పేపర్లో ‘చమురు ధరలు’ అన్నచోటే. ‘ముక్కు మీద చమురు గ్రంథులు’ అంటే పెట్రోలు బంకు గుర్తొస్తుంది వాళ్ళకి. బ్రాడీపేట డాక్టరుగారు మాటల్లో పడి ‘నూనె గ్రంథులు’ అనేశారు, చూశారా? అదే తేలిక.

సత్యనారాయణపురం, విజయవాడ:
నిజమే బాబాయ్‌గారూ, నూనె గ్రంథులే ఖాయం. తమ్ముడూ, ఆ పిల్ల వ్యాసంలో ‘జిడ్డులోని క్రిములను పూర్తిగా నిర్మూలించాలి’ అని ఒక వాక్యం కూడా ఉంది. నీ కామెంటు ఉన్నదున్నట్టు తనకి పంపిస్తున్నా.