మోడల్స్‌తో తీసిన పెళ్లి ఫొటోలు చూసి ఫొటోగ్రాఫర్‌ని నమ్మొచ్చా?

ప్రశ్న: మాఘంలో చెల్లి పెళ్లి, ముహూర్తం అర్ధరాత్రి దాటాక. ఒక ఫొటోగ్రాఫర్ ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూస్తే ఫొటోలు అద్భుతంగా ఉన్నాయి, కానీ చాలావాటిలో అదే జంట, వెనక చుట్టాలు ఒక్కరూ లేరు. అడ్వాన్స్ ఇవ్వాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చూడాలి?

జవాబు: మోడల్స్‌తో తీయడం తప్పు కాదండీ, కానీ అవి సాయంత్రం ఎండలో, తీరిగ్గా, నచ్చేదాకా మళ్లీ మళ్లీ తీసినవి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం రెండోసారి రాదు, పైగా మండపంలో రంగురంగుల లైట్లు, హోమం పొగ, చుట్టూ మూగిన జనం. రాత్రి ముహూర్తం ఉన్న ఒకే పెళ్లి ఆల్బమ్ మొత్తం చూపించమనండి. అడ్డుతెర తీసినప్పుడు ఇద్దరి ముఖాలూ దొరికాయా, మూడుముళ్లు స్పష్టంగా పడ్డాయా అన్నది చూస్తే పనితనం తెలిసిపోతుంది.

జవాబు: ఆ ఫొటోలు తీసిన మనిషే వస్తాడా అని కూడా అడిగి, అగ్రిమెంట్‌లో పేరు రాయించుకోండి. మా అన్నయ్య పెళ్లికి మాట్లాడుకున్నది ఒకరిని, వచ్చింది ఇంకొకరు. ఇప్పటికీ అమ్మకి ఆ బాధ పోలేదు.

జవాబు: మేకప్‌కీ ఇదే వర్తిస్తుంది. తలంబ్రాలు అయ్యాక, చెమట పట్టిన ముఖంతో ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో ఉంటే అడగండి.