నల్లాను ఫ్రేములో ఉంచిన సినిమా ఏదైనా ఉందా?

మర్రిగూడ కెమెరా:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో వీడియో కెమెరా పని చేస్తాను. ఎక్కువగా పెళ్లిళ్లు, మధ్యమధ్యలో స్వచ్ఛంద సంస్థల వీడియోలు. సొంతూరు నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో. మండలం పేరు చెప్పగానే 'ఫ్లోరైడ్ కదా' అంటారు, పళ్లను గారపట్టించి ఎముకలను వంచే బోరు నీళ్ల సంగతి. అవును, నా పళ్ల మీద కూడా ఆ గార ఉంది. కెమెరా వెనక ఉండే పని పట్టుకున్నది అందుకే అని ఇంట్లో ఎగతాళి చేస్తుంటారు.

పోయిన నెల ఒక సంస్థవాళ్లు విరాళాల కోసం మూడు నిమిషాల వీడియో కావాలన్నారు. మీ ఊరే కాబట్టి మనుషులు దొరుకుతారని నన్ను పట్టుకున్నారు. మాకు వరసకు తాతయ్యే ఆయన ఒకరున్నారు. నడుము పూర్తిగా వంగిపోయింది, కర్ర లేకుండా నడవలేరు. ఆయన ఇంటి ముందే కెమెరా పెట్టాం. వాకిట్లో భగీరథ నల్లా ఉంది, ఇంటింటికీ మంచినీళ్లిచ్చే సర్కారు పథకంది. మూతికి గుడ్డపీలిక కట్టి, కింద ప్లాస్టిక్ బిందె పెట్టి ఉంది. సంస్థ నుంచి వచ్చిన మేడం మానిటర్ చూసి, 'ఆ ట్యాప్ కనపడొద్దండీ' అన్నారు. కెమెరాను రెండడుగులు ఎడమకు జరిపాను. తర్వాత తాతను లేపి వాడ చివర బోరింగు దాకా నడిపించి, బిందె ఇచ్చి నీళ్లు కొట్టించారు. ఆ బోరింగు నీళ్లు ఇప్పుడు బర్రెలకు తప్ప ఎవరూ వాడరు. వెలుగు సరిగ్గా పడలేదని మూడుసార్లు కొట్టించారు.

అంతా అబద్ధమని అనను. ఆ నడుము నిజం. ఆయన వయసులో ఉన్నన్నాళ్లూ ఆ నీళ్లే తాగాడు. కానీ వీడియో చూసినవాళ్లకు ఏమనిపిస్తుంది? ఇక్కడ ఇంతవరకు ఎవరూ ఏమీ చెయ్యలేదు, మీ అయిదొందలు వస్తేనే నీళ్లు వస్తాయి అని. 1996లో ఈ నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలని నల్గొండ పార్లమెంటు సీటుకు కుప్పలుగా నామినేషన్లు వేశారు. చివరికి బరిలో 480 మంది! ఫ్లోరైడ్ తీసెయ్యడానికి నీళ్లలో పటిక, సున్నం కలిపే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థవాళ్లది. టాంజానియా, ఇథియోపియాల్లో కూడా దాన్ని మన జిల్లా పేరుతోనే పిలుస్తారు. 2015లో భగీరథ పైలాన్ వేసింది కూడా మన చౌటుప్పల్లోనే. ఇంత కథ ఉంటే వీడియోలో మిగిలింది ఒక ముసలాయన, ఒక బోరింగు.

అప్పటినుంచి ఏ సినిమా చూస్తున్నా ఫ్రేము పక్కన ఏం ఉందో, దేన్ని తప్పించారో అనే ఆలోచనే. స్లమ్‌డాగ్ మిలియనీర్ మళ్లీ చూశాను. ఎనిమిది ఆస్కార్లు వచ్చిన సినిమా, కెమెరా పనికి దండం పెట్టాలి. కానీ పిల్లగాడికి టీవీ ఆటలో డబ్బులు తగిలేసరికి బస్తీ సంగతి అయిపోయింది.

నా ప్రశ్న ఇంతే. నల్లాను ఫ్రేములో ఉంచి కూడా పేదరికాన్ని చూపించిన సినిమా ఉందా? తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఏదైనా సరే. సినిమా పండుగల్లో అవార్డులు కొట్టి డబ్బాల్లో మూలిగేవి వద్దు, జనం చూసినవి చెప్పండి.

—

పాలమూరు పోరడు:

అన్నా, నాది మక్తల్ దగ్గర. స్వదేశ్ సినిమా హాస్టల్లో చూసిన. రైలు ఆగినప్పుడు పిల్లగాడు గ్లాసు నీళ్లు పావలాకు అమ్ముతుంటే షారుక్ ఖాన్ కొని తాగుతాడు చూడు, అక్కడ ఏడ్చిన. తర్వాత నాసా నుంచి వచ్చిన ఆయనే ఊరికి కరెంటు తెప్పిస్తాడు. మా ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలితే నాసా దాకా ఎందుకు, రైతులు తలా కొంత వేసుకొని ట్రాక్టర్ మీద ఎక్కించుకొని రిపేరుకు పోతారు. అది ఎవడు తీస్తాడు సినిమా?

నువ్వు అడిగిన దానికి నా జవాబు పీప్లీ లైవ్ (2010). అందులో నల్లా కాదు, బోరింగే ఉంది. రైతు చచ్చిపోతానంటున్నాడని తెలిసి ఆఫీసరు వచ్చి 'లాల్ బహదూర్' అని ఒక చేతి పంపు ఇచ్చిపోతాడు. బిగించడు, ఇచ్చిపోతాడు. మా నాయన ఆ సీన్‌కు ఎంత నవ్విండంటే దగ్గు వచ్చింది. ఇంకో ముసలాయన ఉంటాడు, రోజూ మట్టి తవ్వి అమ్ముకుంటాడు. టీవీ బండ్లన్నీ ఆ ఊళ్లోనే ఉన్నా, ఆయన తన గుంతలోనే చచ్చిపోతే ఒక్క కెమెరా తిరగదు. నీలాంటోళ్లు అది తప్పక చూడాలె (కోపం తెచ్చుకోకు).

చివర్లో ఆ రైతు నత్థా ఊరు విడిచి గుర్గావ్‌లో బిల్డింగు పని దగ్గర తేలుతాడు. ఒళ్లంతా దుమ్ము. అక్కడికి మా నాయన నవ్వుడు ఆపిండు. ఆయన పదహారేళ్లు పుణెలో అదే పని చేసిండు. దసరా అయినంక కూలీలను పనికి తోలుకపోయే మేస్త్రి వచ్చి అడ్వాన్స్ చేతిలో పెడితే, ఆ పైసలతోనే మా అక్క పెళ్లి. ఆ అడ్వాన్స్ తీరాలంటే రెండు సీజన్లు. అమ్మ కూడా పోయేది, మేము అవ్వ దగ్గర. నాగార్జునసాగర్ నుంచి మొదలుపెట్టి దేశంలో ఎన్ని డ్యాములకు పాలమూరు లేబర్ మట్టి మోసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. సినిమాల్లో వలస అంటే బస్సెక్కుతున్న మనిషి, వెనక పాట. మేస్త్రి నోటుబుక్కు చూపించిన సినిమా నాకు కనపడలేదు. ఒక్కొక్కరి పేరు, ఎదురుగా అంకె, కింద వేలిముద్ర. మొత్తం కథ దాంట్లనే ఉంటది.

—

టైంపాస్:

వారమంతా కష్టపడి ఆదివారం సినిమాకు పోతే అక్కడ కూడా బోరింగు, మేస్త్రీ ఎందుకు భయ్యా. పాటలు, ఫైట్లు చాలు.

—

సంఘం అక్క:

టైంపాస్ తమ్ముడూ, నేనూ ఫైట్లు చూస్తాను. ఒకదానికి ఇంకోటి అడ్డం కాదు.

నేను 2000 తర్వాత మహబూబ్‌నగర్‌లో వెలుగు ప్రాజెక్టులో పనిచేశాను. ప్రపంచ బ్యాంకు అప్పుతో ఆరు జిల్లాల్లో మొదలైన పేదరిక నిర్మూలన ప్రాజెక్టు, అందులో మాదొకటి. అప్పుడప్పుడు బ్యాంకు బృందాలు ఊళ్లు చూడటానికి వచ్చేవి. వాళ్లు వచ్చే ముందు రోజు మా మహిళా పొదుపు సంఘం మీటింగు ఒక రిహార్సలే. ఎవరు పాట పాడాలి, ఎవరు రిజిస్టరు చూపించాలి, బర్రె కొన్న ఆవిడను ముందు వరసలో కూర్చోబెట్టాలి. కాబట్టి నల్లాను పక్కకు తప్పించడం మీకు కొత్తేమో గానీ మాకు కాదు. మేం మాత్రం కొత్త నల్లాను మధ్యలో పెట్టి, పగిలిన పైపును తప్పించేవాళ్లం. మీ మేడంకు దుఃఖం కావాలి, మాకు విజయం కావాలి.

ఒకసారి వచ్చినాయన అందరినీ అడిగినట్టే అడిగాడు, సంఘంలో చేరాక మీ ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉంటోంది అని. మా లీడరమ్మ తడుముకోకుండా, 'మీ ఇంట్ల ఎవరి చేతిల ఉంటయి సారూ?' అంది. తర్జుమా చేసే అబ్బాయి చెప్పాలా వద్దా అని నా మొహం చూశాడు. చెప్పమన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, నిజానికి మా ఆవిడ చేతిలోనే అన్నాడు. ఆ రోజు రిహార్సల్లో లేని మాట అదొక్కటే, అందరికీ గుర్తున్నదీ అదే.

డబ్బున్న కుర్రాడు ఊరిని దత్తత తీసుకునే శ్రీమంతుడు (2015) గురించి ఎవరైనా అంటారని చూస్తున్నాను. సినిమా నాకు నచ్చింది. ఆ ఏడాదే మహేశ్ బాబు కొత్తూరు మండలం సిద్ధాపూర్‌ను దత్తత తీసుకుంటానన్నారు, అప్పుడది మా జిల్లాయే. నాకు పేచీ 'దత్తత' అనే మాటతోనే. తల్లీ తండ్రీ లేని బిడ్డను దత్తత తీసుకుంటారు. పంచాయతీ ఉంది, గ్రామసభ ఉంది, మహిళా సంఘాలున్నాయి, ఊరు అనాథ ఎట్లా అవుతుంది? అయితే దర్శకుల కష్టమూ అర్థమవుతుంది. మా సంఘం మీటింగు రెండు గంటలు జరిగితే అందులో గంటన్నర ఒకావిడ కట్టని యాభై రూపాయల పొదుపు గురించే. ఆ యాభై వసూలైతేనే మిగతావాళ్లకు అప్పు. దాన్ని పాటలో పెట్టండి చూద్దాం.

—

ఆలేరు మగ్గం:

ఇంతసేపూ మల్లేశం (2019) ఎవరూ చెప్పలేదంటే బాధగా ఉంది. మన ఆలేరు దగ్గర శారాజీపేట కథ. చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఆసు పోయడం, అంటే నేతకు ముందు దారం చుట్టే పని, చూడనివాళ్ల కోసం: అర్ధచంద్రాకారంలో మేకులుంటాయి. ఒక చేత్తో దారం పట్టుకొని ఈ చివర నుంచి ఆ మేకు దాకా చాపాలి, చుట్టాలి, వెనక్కి రావాలి. ఒక్క చీరకు ఇట్లా దాదాపు 9,000 సార్లు. మా అమ్మ రాత్రి జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు, నేనే వేసేవాణ్ని. సినిమాలో తల్లి భుజం పట్టుకుంటే హాల్లో ముందు వరసల్లో ఆడవాళ్లు తమ భుజాలు తడుముకున్నారు, నా కళ్లతో చూశాను. పేదరికం అంటే చిరిగిన చీర అనుకునేవాళ్లు అక్కడ ఒక కీలును చూశారు. అప్పు పుట్టకపోవడం, యంత్రం సగంలో ఆగడం, జనం నవ్వడం అన్నీ ఉన్నాయి.

దాని పక్కనే మలావీ కథ 'ది బాయ్ హూ హార్నెస్డ్ ది విండ్' పెట్టి చూడండి, అదీ 2019లోనే వచ్చింది. కరువులో పిల్లవాడు గాలిమర చెయ్యాలంటే తండ్రి సైకిల్‌ను కోయాలి. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క విలువైన వస్తువు అది. తండ్రి ఒప్పుకోడు. ఆ గొడవ చూస్తే ఖండమేదైనా ఇల్లు ఒకటే అనిపిస్తుంది.

కెమెరా తమ్ముడూ, ఒక మాట. మేడం చెప్పింది సరే, జరిపింది మీరే కదా?

—

మర్రిగూడ కెమెరా:

అవునన్నా, జరిపింది నేనే. ఆ రోజు కూలి ఆరు వేలు, ఇంటి అద్దె కట్టాల్సిన వారం.

పీప్లీ లైవ్ రాత్రి చూశాను. మట్టి తవ్వే ముసలాయన దగ్గర ఆపి, మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. మల్లేశం ఆదివారం చూస్తాను. అక్కా, మీ లీడరమ్మ మాట మా ఆవిడకు చెప్తే రెండు రోజులుగా నన్ను అదే అడుగుతోంది.

మొన్న ఊరికి పోయినప్పుడు ఆ వీడియో తాతకు ఫోన్లో చూపించాను. నల్లా ఏదని అడుగుతాడేమో, ఏం చెప్పాలా అని టెన్షన్ పడ్డాను. ఆయన దాని ఊసే ఎత్తలేదు. షూటింగు ఉందని తెల్లారే లేచి, కోడలితో ఇస్త్రీ చేయించుకొని, మనవడి పెళ్లికి కొన్న తెల్లంగీ వేసుకొని కూర్చున్నాడట. అది విప్పించి బనీన్ మీద తీశాం. ఆ సంగతి నేను పైన రాయలేదు, నిజం చెప్పాలంటే గుర్తు కూడా లేదు. మూడు నిమిషాలూ చూసి ఫోన్ నా చేతికిచ్చి, 'అంగీ ఎందుకు తీపిచ్చినవ్ రా?' అన్నాడు.

వచ్చే వారం మళ్లీ పోతున్నాను. ఈసారి సంస్థ ఏదీ లేదు, నా కెమెరానే. అంగీ ఉతికి పెట్టమని కోడలికి ఫోన్ చేసి చెప్పాను.