టోపోగ్రఫీ: స్థలాకృతా, ఎత్తుపల్లాలా?

రాయగడ నుంచి:

మా అమ్మాయి ఒడియా మాధ్యమంలో చదువుతోంది. భూగోళ పాఠంలో ‘భూప్రకృతి’ అనే మాట వచ్చింది. ఇంగ్లీషులో టోపోగ్రఫీ అని ఎవరో చెప్పారట. “మరి తెలుగులో ఏమంటారు నాన్నా?” అని అడిగింది. ‘నైసర్గిక స్వరూపం’ అన్నాను, చిన్నప్పుడు బట్టీ పట్టింది అదే కదా. మంత్రం చదువుతున్నావా అని నవ్వింది. పెరట్లోంచి మా అమ్మ అందుకుంది: “వాకిట్లో కళ్లాపి చల్లు. నీళ్లు ఎటు పోతాయో చూడు. అదే.” మా వాకిట్లో నీళ్లు గుమ్మం పక్కగా జారి, వేపచెట్టు మొదట్లో నిలుస్తాయి. ఆ చోటు పల్లమని తెలియడానికి అమ్మకు పటం అక్కర్లేదు. నీరు పల్లమెరుగు అని ఊరికే అన్నారా! ఇంతకీ పిల్లకు ఏ మాట చెప్పమంటారు?

పర్లాకిమిడి నుంచి:

గిడుగు వారు బడిపంతులుగా పనిచేసిన ఊరివాణ్ణి కనుక సంస్కృత సమాసాన్ని కొట్టిపారేస్తానని అనుకోకండి. దేశమంత మేర పర్వతాలు, పీఠభూములు, మైదానాలు ఎలా పరుచుకున్నాయో చెప్పడానికి నైసర్గిక స్వరూపం చక్కని మాట. కానీ నైసర్గికం అంటే ప్రకృతి సిద్ధమైనది. సర్వేవాళ్ల టోపోగ్రఫీ పటంలో కొండలూ గెడ్డలే కాదు, రైలు పట్టాలు, గుళ్లు, బావులు, ఊళ్లు కూడా ఉంటాయి. అక్కడ స్థలాకృతే మేలు. 1:50,000 పటం తెరిచి చూడండి, సెంటీమీటరుకు అరకిలోమీటరు. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గోధుమరంగు గీతలుంటాయి. గీతకూ గీతకూ మామూలుగా 20 మీటర్ల తేడా. ఎడంగా ఉంటే నేల చదును, ఒత్తుగా ఉంటే నిటారు. మహేంద్రగిరి వాలుల దగ్గర గీతల మధ్య సూది దూరదు.

అసలు విషయం మరొకటి. గ్రీకులో తోపోస్ అంటే చోటు, గ్రాఫీన్ అంటే రాయడం. అంటే టోపోగ్రఫీ మొదట ఒక చోటును గురించి వివరంగా రాయడమే. ఆకృతి అన్న అర్థం తర్వాత బలపడింది. ఆ పాత అర్థానికి తెలుగువాళ్లు మాట వెతుక్కోనక్కర్లేదు, కైఫీయతులు, అంటే ఊళ్ల వృత్తాంతాలు, ఉన్నాయి. కాలిన్ మెకంజీ 1815లో భారతదేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన ఒక పక్క నేలను కొలిపిస్తూనే, మరో పక్క కావలి సోదరుల వంటి వారి సాయంతో ఈ కైఫీయతులు సేకరించాడు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఏ మాన్యాలున్నాయి, ఇవీ అందులోని సంగతులు. గొలుసుతో కొలిచిందీ టోపోగ్రఫీయే, గంటంతో రాసిందీ టోపోగ్రఫీయే. మనం సగానికే పేరు పెట్టి ఊరుకున్నామని నాకనిపిస్తుంది.

సిరోంచ నుంచి:

మాకు బడిలో మరాఠీ ‘ప్రాకృతిక రచన’. ఇంట్లో మాత్రం చెలక, తరి. మీ వైపు మెట్ట, పల్లం అంటారు కాబోలు. మీరు రాసిన గెడ్డ చూసి నవ్వొచ్చింది. ఒకసారి పార్వతీపురం వైపు పెళ్లికి వెళ్తే, “గెడ్డ దాటగానే మా ఇల్లు” అన్నారు. గడ్డను అలా పలుకుతున్నారేమో అనుకుని ఎత్తైన నేల కోసం వెతికాను. తీరా చూస్తే కాళ్ల ముందు పారుతున్న వాగు! ఒక్క అక్షరం తేడాతో మిట్ట కాస్తా ఏరయింది.

ఇంకో సందేహం. మా బావగారి కంటికి కార్నియా టోపోగ్రఫీ తీయించమన్నారు. దాన్నీ స్థలాకృతి అందామా?

పర్లాకిమిడి నుంచి:

వద్దు, కంటిలో స్థలం కొనబోతున్నారా ఏమిటి! అది కార్నియా వంపుల పటం. ఎర్రగా కనిపించే చోట వంపు ఎక్కువ, నీలంగా ఉన్నచోట తక్కువ. ‘కార్నియా ఉపరితల వంపులు’ అంటే రోగికీ అర్థమవుతుంది. అన్నట్టు, అక్షరాల అచ్చుకూర్పు టైపోగ్రఫీ. ఆ రెండింటినీ కలిపేసిన వ్యాసాలు కొన్ని చదివాను.

రాయగడ నుంచి:

అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయి నోటుపుస్తకంలో ‘స్థలాకృతి’ అని సిరాతోనూ, కింద ‘ఎత్తుపల్లాలు’ అని పెన్సిలుతోనూ రాసుకుంది. పక్కన మా వీధి బొమ్మ గీసి, రంగులు వేసి, నాయనమ్మకు చూపించింది. అమ్మ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. “అంతా బాగానే ఉంది గానీ, గెడ్డను కొండ ఎక్కించావేమిటే?” అంది. ఇప్పుడు రబ్బరుతో చెరుపుతోంది.