సబ్సిడీ కోసం ఇంటావిడ పేరు మీద యూనిట్ పెట్టడం సరైనదేనా?

పీచుమిల్లు_కోనసీమ:

అందరికీ నమస్కారం అండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరి డొక్కలు కొని పీచు తీసే చిన్న మిల్లు పెడదామని చూస్తున్నాను. యంత్రాలు, షెడ్డు, కరెంటు, తిరుగుడు పెట్టుబడి అన్నీ కలిపి 20 లక్షలు తేలింది. సొంత యూనిట్ పెట్టేవాళ్ళకి బ్యాంకు లోనుతోపాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీ కింద లోనుకి వెళ్దామనుకుంటున్నా.

మేం ఓసీలం. నా పేరు మీద పెడితే పల్లెటూరు కాబట్టి సబ్సిడీ 25 శాతం, అంటే 5 లక్షలు. నా చేతి డబ్బు 10 శాతం, 2 లక్షలు పెట్టాలి. అదే మా ఆవిడ పేరు మీదైతే సబ్సిడీ 35 శాతం, 7 లక్షలు. చేతి డబ్బు 5 శాతం, లక్ష చాలు. మిల్లు దగ్గర పొద్దస్తమానం ఉండేది నేనే. తను సంతకం పెట్టమంటే పెడుతుంది. అందరూ చేసేదే కదా, ఆలోచించేదేముంది అంటున్నారు ఊళ్ళో. మా బావమరిది మాత్రం ఇది మా అక్కకి అన్యాయం అని గట్టిగా అడ్డుపడుతున్నాడు. మీరేమంటారు?

డెల్టా_రైతుబిడ్డ:

ఇందులో తప్పేమీ లేదండి. ఆ ఇంట్లోకి వచ్చే రూపాయి ఇద్దరిదీ, పిల్లలదీ. ప్రభుత్వమే ఆడవాళ్ళ పేరుకి ఎక్కువ ఇస్తానంటే వద్దనడం దేనికి? ఇళ్ళ స్థలం పట్టాలు ఆడవాళ్ళ పేరు మీద ఇస్తే ఆ ఇంట్లో మగవాళ్ళు ఉండకూడదని ఎవరైనా అన్నారా? అప్పు ఎలాగూ తీర్చాల్సిందే. మన డెల్టాలో చిన్న వ్యాపారం పెట్టేవాడికి 3 లక్షల తేడా అంటే మాటలు కాదు. అది లేక ప్రైవేటు వడ్డీకి తెస్తే రెండు రూపాయలో మూడు రూపాయలో పడుతుంది. అప్పుడు ఆ ఆవిడే కదా బాధపడేది?

లేసు_నరసాపురం:

తమ్ముడూ, మీ బావమరిది మాట వినండి. ఆ అబ్బాయికి లెక్క తెలుసో లేదో గానీ న్యాయం తెలిసింది.

పీఎంఈజీపీలో ఒక కుటుంబానికి ఒక్కరికే అవకాశం. కుటుంబం అంటే భార్య, భర్త. ఈ రోజు మీ ఆవిడ పేరు మీద పీచు మిల్లు పెట్టారనుకోండి, రేపు ఆవిడకి టైలరింగో, పచ్చళ్ళో, ఇంకేదో సొంతంగా పెట్టాలనిపిస్తే ఆ తలుపు మూసుకుపోయినట్టే. ఆవిడకి రావాల్సిన ఒకే ఒక్క అవకాశాన్ని ఆవిడకి ఆసక్తి లేని పనికి ఖర్చు చేస్తున్నారు. మీరు లెక్క వేసిన 3 లక్షల్లో ఇది ఎక్కడా లేదు.

ఇంకొకటి. 2010లో మైక్రోఫైనాన్స్ వసూళ్ళ గొడవ మన జిల్లాల వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. డబ్బు వాడుకున్నది ఎవరైనా, వసూలుకి వచ్చినవాళ్ళు వాకిట్లో కూర్చుని పేరు పెట్టి పిలిచింది ఆడమనిషిని. ఆ ఏడు అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా వెళ్ళింది వ్యవహారం. ఇది బ్యాంకు లోను, అంత దారుణంగా ఉండదు, ఒప్పుకుంటాను. కానీ కంతులు ఆగితే సిబిల్ (అప్పుల రికార్డు) చెడేది కాగితం మీద ఉన్నవాళ్ళకే. మిల్లు మీరు నడిపి, నష్టం వస్తే పేరు ఆవిడది పోవడం ఏం పద్ధతి?

మా నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఎన్ని ఊళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళు క్రోషే సూదితో లేసు అల్లుతున్నారో చూసినవాళ్ళకి తెలుసు. దారం ఇంటికి వస్తుంది, అల్లిన ముక్క ఇంటినుంచి వెళ్తుంది, కూలి ముక్కకింత. విదేశీ ఆర్డరు, ధర, బిల్లు ఎవరి చేతిలో ఉంటాయో వాళ్ళే వ్యాపారులు. చేతులు ఆడవాళ్ళవి, వ్యాపారం మాత్రం వేరేవాళ్ళది. అందుకే ఆడవాళ్ళు యజమానులు కావాలని నేను ఇంత పట్టుబట్టేది. ఆ 35 శాతం పెట్టింది కూడా అందుకే. తనఖా పెట్టడానికి పొలం తన పేరున లేని మనిషికి, పుట్టింటివాళ్ళనో అత్తింటివాళ్ళనో అడగకుండా లక్ష రూపాయలు తీయలేని మనిషికి ఆ తేడా ఆసరా. దాన్ని పొలమున్న ఇంటి మగవాళ్ళు భార్య సంతకంతో తీసుకుంటే, లెక్కల్లో ఒక మహిళా పారిశ్రామికవేత్త పెరుగుతుంది, ఊళ్ళో మాత్రం ఎవరూ పెరగరు.

డెల్టా_రైతుబిడ్డ:

అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ మీరు చెప్పే ఆడవాళ్ళకి బ్యాంకు ఇస్తుందా? అదీ చెప్పండి. ఇవ్వదు కాబట్టే మగవాళ్ళు వెనక నిలబడి ఇప్పిస్తున్నారు. అలా ఒకసారి పేరు ఎక్కితే, ఆ పేరే రేపు ఆవిడకి బలం. ఆవిడకి బ్యాంకులో ఒక చరిత్ర ఏర్పడుతుంది కదా.

బ్రాంచి_మాజీ:

నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను, ఎక్కువ సర్వీసు ఈ డెల్టా బ్రాంచీల్లోనే. నియమాల గురించి నాలుగు మాటలు.

సబ్సిడీ అంటే 7 లక్షలు చేతికిస్తారని చాలామంది అనుకుంటారు. అలా కాదు. 20 లక్షల ప్రాజెక్టులో లక్ష మీది, మిగతా 19 లక్షలు బ్యాంకు లోనుగా ఇస్తుంది. ప్రభుత్వం ఇచ్చే 7 లక్షలు మీ లోను ఖాతాకి ఎదురుగా మూడేళ్ళు డిపాజిట్‌గా ఉంటాయి. వాటి మీద మీకు వడ్డీ రాదు, లోనులో అంత మేరకి బ్యాంకు మీ దగ్గర వడ్డీ తీసుకోదు. మూడేళ్ళయ్యాక యూనిట్ నిజంగా నడుస్తోందా, ఎవరు నడుపుతున్నారు అని వచ్చి చూస్తారు. అంతా సరిగ్గా ఉంటేనే లోనులో జమ. మధ్యలో మూతపడితే ఆ డబ్బు వెనక్కి పోతుంది, మొత్తం అప్పు మీ నెత్తిన ఉంటుంది. కాబట్టి సబ్సిడీ చూసి వ్యాపారం పెట్టకండి. సబ్సిడీ లేకపోయినా నిలబడే వ్యాపారమైతేనే పెట్టండి.

బ్యాంకు ఇవ్వదన్న మాటకి జవాబు: చిన్న పరిశ్రమలకి ఒక పరిమితి లోపు అప్పుకి తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ పైన సీజీటీఎంఎస్ఈ అనే పూచీ నిధి ఉంది, మహిళలకి అందులో హామీ శాతం ఎక్కువ, రుసుములో తగ్గింపు ఉంది. చిన్న వ్యాపారాలకి అప్పులిచ్చే ముద్ర పథకంలో, ఇదివరకు పెద్ద అప్పు తీసుకుని తీర్చేసినవాళ్ళు ఇప్పుడు 20 లక్షల దాకా వెళ్ళొచ్చు. ఇదంతా కాగితం మీద. కౌంటర్ దగ్గర ఎలా ఉంటుందో నాకూ తెలుసు. పొలం కాగితాలు పట్రమ్మని మాటల్లో అడుగుతారు, రాతలో మాత్రం అడగరు. అలాంటప్పుడు దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాసిమ్మని మర్యాదగా అడగండి. సగం సమస్యలు అక్కడే తీరతాయి.

ఇక పేరు ఒకరిది, పని ఒకరిది అన్న విషయం. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతాం: డొక్క ఎంతకి కొంటారు, వెయ్యి డొక్కలకి ఎంత పీచు వస్తుంది, వర్షాకాలం ఎండబెట్టేది ఎక్కడ, పీచుపొట్టు ఎవరికి అమ్ముతారు? సమాధానం కోసం ఆవిడ భర్త ముఖం చూసిందంటే మాకు అర్థమైపోతుంది. చాలా ఫైళ్ళు అక్కడే ఆగిపోయేవి. రైతుబిడ్డ గారు అన్న చరిత్ర ఏర్పడుతుందన్న మాట నిజమే, బాగా నడిస్తే. నడవకపోయినా ఏర్పడుతుంది మరి.

రాజోలు_టీచరమ్మ:

మహిళ అనే ఒక్క మాట దగ్గరే ఆగిపోయాం గానీ, అసలు ఎవరికి ఏ గడి వర్తిస్తుందో తెలియక నష్టపోయేవాళ్ళు మా కోనసీమలో చాలామంది. పీఎంఈజీపీలో ఎక్కువ సబ్సిడీ ఆడవాళ్ళకే కాదు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, మాజీ సైనికులు, దివ్యాంగులు, వీళ్ళందరికీ పల్లెలో 35, పట్టణంలో 25 శాతమే. అంటే బీసీ అయినా, ముస్లిం అయినా, క్రైస్తవుడైనా మగవాడు తన పేరు మీదే పెట్టుకోవచ్చు, భార్య పేరు వాడుకునే అవసరమే లేదు. ఈ సంగతి తెలియక దళారికి డబ్బిచ్చి ఆడవాళ్ళ పేరు పెట్టించుకున్న కుటుంబాలు మా చుట్టుపక్కలే ఉన్నాయి.

మా సంగతి ఇంకొంచెం చిక్కు. మా తాతల కాలంలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీ కుటుంబం మాది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మాకు ఎస్సీ హోదా రాదు, మన రాష్ట్రంలో బీసీ-సీ ఇస్తారు. అందుకని స్టాండప్ ఇండియా వచ్చినప్పుడు మా తమ్ముడు ఎస్సీ గడిలోకి రాలేకపోయాడు. 10 లక్షల నుంచి కోటి దాకా ఇచ్చిన ఆ పథకం, 2025 మార్చిలో గడువు ముగిసేదాకా, ఎస్సీ, ఎస్టీలకీ, ఏ కులమైనా మహిళలకీ మాత్రమే. మా మరదలు మహిళగా అర్హురాలైంది. చూశారా, అక్కడ ఆడమనిషి పేరు తప్ప దారి లేకపోయింది. అలాంటి ఇళ్ళని కూడా తప్పు పడదామా? నేను పట్టలేను. కానీ మా మరదలు ఆ షాపు గల్లాపెట్టె దగ్గర తనే కూర్చుంటానని ముందే మాట తీసుకుంది. కంపెనీగానో భాగస్వామ్యంగానో పెడితే 51 శాతం వాటా, నిర్ణయాధికారం మహిళ చేతిలో ఉండాలని ఆ పథకంలోనే రాసి ఉండేది కూడా.

మైనారిటీలకి ఇంకో దారి ఉంది, ఎవరూ చెప్పరు. 1994లో పెట్టిన జాతీయ మైనారిటీల అభివృద్ధి ఆర్థిక సంస్థ అప్పులిస్తుంది. నేరుగా కాదు, రాష్ట్ర కార్పొరేషన్ ద్వారా. మన దగ్గర మైనారిటీలకి ఒకటి, క్రైస్తవులకి విడిగా ఒకటి ఉన్నాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపైతే ఒక తరగతి, 8 లక్షల లోపైతే ఇంకో తరగతి. రెండో తరగతిలో మగవాళ్ళకి వడ్డీ 8 శాతం, ఆడవాళ్ళకి 6 శాతం. రాష్ట్రం నుంచి నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో కనిపెట్టుకుని ఉండాలి. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం ముందే తీసి పెట్టుకోవాలి. ప్రకటన వచ్చాక సచివాలయం చుట్టూ తిరిగితే గడువు దాటిపోతుంది.

పూతరేకు_ఆత్రేయపురం:

మీరంతా 20 లక్షలు, కోటి అంటున్నారు. మా పక్క కుండ మీద రేకు తీసే ఆడవాళ్ళకి కావాల్సింది అంత కాదండి. ఆత్రేయపురం పూతరేకుకి 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ రేకు తీసే మనిషికి ఇప్పటికీ లెక్కన కూలే. తనే నెయ్యి, బెల్లం, జీడిపప్పు కొనుక్కుని, చుట్టి, డబ్బాలో పెట్టి అమ్మగలిగితే లాభం తనది. దానికి కావాల్సింది 40 వేలో, లక్షో.

అందుకు డ్వాక్రా సంఘమే మేలు. బ్యాంకు లింకేజీ (సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు), సంఘాలకి అప్పులిచ్చే స్త్రీనిధి సంస్థ రెండూ ఉన్నాయి. ఆహారం పని చేసే సంఘాలకి పీఎంఎఫ్ఎంఈ అనే కేంద్ర పథకం కింద సభ్యురాలికి 40 వేల దాకా మూలధనం ఇచ్చే ఏర్పాటు ఉంది. ఒక్కరే యూనిట్ పెడితే అదే పథకంలో 35 శాతం, 10 లక్షలకి మించకుండా సబ్సిడీ. అందులో ఓసీ, బీసీ, ఆడ, మగ తేడా లేదు. తిండి వస్తువుల పనైతే ఈ పేర్ల గొడవే అక్కర్లేదని గమనించండి.

సంఘం అప్పు విషయంలో ఒక్క మాట. అది తెచ్చి ఇంట్లో మగవాళ్ళ చెరువు లీజుకి ఇచ్చేసే అలవాటు మానాలి. రొయ్యకి తెల్లమచ్చ తెగులు వస్తే చెరువుతోపాటు సంఘం కూడా మునుగుతుంది. మిగతా ఆడవాళ్ళందరూ ఆ కంతు కట్టాలి.

డెల్టా_రైతుబిడ్డ:

టీచరమ్మ గారి మాటతో నా వాదన నిలబడిందనే అనుకుంటున్నా. ఇంటికి మేలు జరిగే దారి అదొక్కటే అయితే ఆడవాళ్ళ పేరు వాడటం తప్పు కాదు. కాకపోతే ఆవిడకి తెలిసి, ఆవిడ ఒప్పుకుని జరగాలి. అంతవరకు లేసు అక్క మాట ఒప్పుకుంటాను.

లేసు_నరసాపురం:

ఒప్పుకోవడం ఒక్కటే సరిపోదు తమ్ముడూ. మన ఇళ్ళలో కాదన్న భార్య ఎంతమంది? నేను అడిగేది మూడే. బ్యాంకు ఖాతా ఆవిడ ఒక్కరి సంతకంతో నడుస్తుందా? ఓటీపీ వచ్చే ఫోను ఎవరి జేబులో ఉంటుంది? నెల తిరిగేసరికి ఎంత పీచు అమ్మాం, ఎంత రావాలి అన్న పుస్తకం ఆవిడ చూస్తుందా? ఈ మూడూ ఉంటే మిల్లు దగ్గర రోజంతా నిలబడేది భర్తే అయినా ఆ యూనిట్ ఆవిడదే అంటాను. ఇవి లేకపోతే ఆవిడది కాదు, అంతే.

పీచుమిల్లు_కోనసీమ:

అందరికీ ధన్యవాదాలండి. ఈ చర్చంతా మా ఆవిడ చేత చదివించాను. ఇంటర్ చదివింది తను. మిల్లు దగ్గర ఉండలేను గానీ లెక్కలు, కొనేవాళ్ళతో ఫోను మాటలు నేను చూస్తానంటోంది. అలాగైతే తన పేరు మీద పెట్టొచ్చు, లేదంటే మీ పేరు మీదే పెట్టుకోండి, నా అవకాశం నాకు ఉంచండి అంది. ఇంకా తేల్చుకోలేదు. బ్రాంచి గారూ, తన పేరు మీదే వెళ్తే ముందు ఏం చేయాలి?

బ్రాంచి_మాజీ:

మంచిదండి. ఉత్పత్తి యూనిట్‌కి ప్రాజెక్టు 10 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి, ఆవిడకి ఆ ఇబ్బంది లేదు. స్థలం ఖరీదు ప్రాజెక్టులో కలపరు, కాబట్టి పొలం మీదైతే షెడ్డు స్థలానికి ఆవిడ పేరున లీజు రాయించండి. యూనిట్ కొత్తదై ఉండాలి, ఇప్పటికే నడుస్తున్నదానికి రాదు. యంత్రాలకి కొటేషన్లు ఆవిడ పేరున తీసుకోండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. కొబ్బరి పీచు కాబట్టి ఏజెన్సీ దగ్గర కాయర్ బోర్డు ఎంచుకోవచ్చు, రాజమహేంద్రవరంలో వాళ్ళ ఆఫీసు ఉంది. జిల్లా పరిశ్రమల కేంద్రం ద్వారా కూడా వెళ్ళొచ్చు. దరఖాస్తుకి ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు) కూడా ఉచితమే. సబ్సిడీ విడుదలకి ముందు శిక్షణ తప్పనిసరి. అది పేరున్న మనిషే చేయాలి. మీరు పక్కన కూర్చుని వినొచ్చు, ఆవిడ బదులు వెళ్ళడానికి లేదు.